రుకారా ముడి

డాక్టరు ఉచ్చు కోసి పిల్ల గొరిల్లా ఇసారో మణికట్టు మీంచి మెల్లగా ఊడదీశాడు. మత్తులో ఉన్న దాని వేళ్ళు అప్పటికే నల్లబడ్డాయి. వెదురు పొదల వెనక దాని తల్లి అరుస్తూనే ఉంది. చెయ్యి దక్కడం అనుమానమే అన్నాడాయన.

గటేరా ఆ మాట సగమే విన్నాడు. అతని చూపంతా తాడు మీద ఉంది. రెండు చుట్లు చుట్టి ఎడమవైపుకి దోపిన ముడి. ఆ కొండ మీద అలా వేసేవాడు ఒక్కడే, అతని తండ్రి రుకారా. గొరిల్లాల జాడ తీసే ఉద్యోగం కొడుక్కి వచ్చిన రోజున, జింకల కోసం పన్నే ఉచ్చులన్నీ పొయ్యిలో పెట్టి, ఇక అడవి ముఖం చూడనని ఒట్టేసిన మనిషి.

తాడు జేబులో దాచుకుని గటేరా ఇంటికొచ్చాడు. పెద్దాయన వాకిట్లో చిలగడదుంపలు చెక్కుతున్నాడు. తాడు ఆయన ముందు పడేశాడు.

"ఇంట్లో నీకు తిండి తక్కువైందా నాన్నా?"

రుకారా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముడి నాదే," అన్నాడు.

గటేరా నోటికొచ్చినట్టు తిట్టాడు. పోయిన నెల ఉముగండా నాడు, ఊరంతా కలిసి బాట బాగుచేశాక పెట్టిన సభలో, ఉచ్చుల్ని ఎలా గుర్తుపట్టాలో తను చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ఈయనొక్కడే తల వంచుకున్నాడు. ఎందుకో ఇప్పుడు తెలిసిందన్నాడు. పెద్దాయన దుప్పటి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని లేచాడు.

"ఠాణాకి నేనే వెళ్తా. నువ్వు వెంట రాకురా, నీ ఉద్యోగానికి ముప్పు."

ఆయన మలుపు తిరిగాక గటేరాకి కోపం దిగిపోయింది. కన్నతండ్రిని చేతులారా పంపేశాడు. అయినా, మోకాళ్ళ నొప్పులతో కుళాయి దాకా నడవలేని మనిషి అంత పైకి ఎలా ఎక్కాడు?

పెరట్లో భార్య ఉవేరా చిక్కుడు తీగలకి కర్రలు కడుతోంది. సాయం పడదామని వంగినవాడు అలాగే ఆగిపోయాడు. రెండు చుట్లు, ఎడమవైపుకి దోపు.

"ఇది నీకెవరు నేర్పారు?"

"బాగా బిగుస్తోందని ఇప్పుడు ఊళ్ళో అందరూ ఇదే వేస్తున్నారు," అంది ఉవేరా, తల ఎత్తకుండానే. "సభలో కట్టి చూపించింది నువ్వేగా."