నీలం చెప్పులు

"ఏమే, కొని నెలన్నా కాలేదు. మడమ కాడ ఇట్టా అరిగిందేంది?"

రోశమ్మ కూతురి చెప్పును పైకెత్తింది. చిల్లులోంచి పొయ్యిమంట కనపడింది.

దీనమ్మ తలెత్తకుండా అన్నం తింటోంది.

"ఈ పిన్నీసెవరిది? మనింట్లో లేదే."

"పట్టీ తెగితే పెట్టా."

"ఎవరిచ్చారు?"

"బళ్లో."

రోశమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆ పిల్ల ఇంటి కాడ చెప్పులే తొడగదు. సంచిలో పెట్టుకుని పోయి, మళ్లీ సంచిలోనే తెస్తుంది. మరి ఎట్టా అరిగినయ్?

మాచర్లలో దీనమ్మ చదివే సర్కారు బడికి ఆ ఏడే రెండు కంప్యూటర్లు వచ్చాయి. జంపఖానా పరిచిన గదిలో పెట్టారు. క్వారీ కూలీల పిల్లల కాళ్లకు నాపరాతి దుమ్ము ఉంటుంది, మిషన్లు పాడైపోతాయని హెడ్మాస్టరు ఒక షరతు పెట్టాడు. చెప్పులు తొడుక్కొచ్చి, గుమ్మం ముందు విడిచినవాళ్లకే లోపలికి దారి. ఆరో తరగతిలో సగం మందికి పైగా ఉత్తకాళ్ల పిల్లలే.

రోశమ్మ రెండు కోడిపెట్టలు అమ్మి ఆ నీలం హవాయి చెప్పులు కొన్నది. తను రాళ్లు మోసింది చాలు. పిల్ల ఆ మిషను ముందు కూచోవాలి.

"నిజం చెప్పవే. నిన్ను లోపలికి రానిస్తన్నారా?"

"రానిస్తన్నారు. పోయిన శనారం నా పేరు కొట్టా. టీవీ లాంటి దాంట్లో పడింది."

"మరి ఈ అరుగుడేంది?"

దీనమ్మ చెయ్యి కడుక్కోను లేచిపోయింది.

శనివారం రోశమ్మ పని మానుకుని బడికెళ్లింది. వరండా మొదట్లో హెడ్మాస్టరు కుర్చీలో కూచుని పేపరు చదువుతున్నాడు. పేపరు దించడు. దాని కిందనుంచి వచ్చే పిల్లల కాళ్లే చూస్తాడు.

"చెప్పులున్నయ్యా? పో. ఇంకా వస్తానే ఉన్నారేందిరా, ఒక్కొక్కళ్లు!"

వరండా మలుపు తిరిగితే కంప్యూటరు గది. గుమ్మం ముందు ఎనిమిది జతల చెప్పులు. నీలం జత లేదు. తలుపు సందులోంచి చూస్తే గది నిండా పిల్లలు. మధ్యలో దీనమ్మ జడ కనపడింది.

అటెండరు యాకూబ్ గోడకానుకుని, రెండు చేతులతో కడుపు పట్టుకుని నిలబడ్డాడు.

"యాకూబూ, మా పిల్ల లోపలుంది. దాని చెప్పులేయి?"

"ఏమో అక్కా."

"ఏమో ఏంది? నువ్వు కాపలా కాసేది గోడలకా?"

"యాడికీ పోవులే. నువ్వింటికి పో."

"పోతే మళ్లీ శనారం అదెట్టా లోపలికి పోయిద్ది? నా కాడ ఇంకో రెండు పెట్టలు లేవు."

యాకూబ్ కడుపు ఇంకా గట్టిగా అదిమి పట్టుకున్నాడు. ముఖానికి చెమట పట్టింది.

"ఏందయ్యా, కడుపు నొప్పా?"

"ఆఁ... అదే."

"ఉండు, హెడ్మాస్టరుకే చెప్తా."

"వద్దక్కా!" అంటూనే యాకూబ్ కడుపు పట్టుకుని బడి వెనక్కి పరుగులాంటి నడక నడిచాడు. ఖాకీ చొక్కా కిందనుంచి నీలం పట్టీ ఒకటి వేలాడింది.

ఇన్నాళ్లూ అక్కా అక్కా అన్న మనిషి! రోశమ్మ వెనకే ఉరికి, నీళ్ల తొట్టి కాడ చొక్కా దొరకబుచ్చుకుంది.

"దొంగసచ్చినోడా! పసిపిల్ల చెప్పులు..."

యాకూబ్ విడిపించుకోలేదు. చొక్కాలోంచి చెప్పులు తీసి, వంగి, గోడవారన వరసగా నిలబడ్డ ఉత్తకాళ్ల పిల్లల్లో మొదటి పిల్ల ముందు పెట్టాడు. ఆ పిల్ల గబగబా తొడుక్కుని వరండా వైపు పరిగెత్తింది.

"అరవమాక అక్కా, ఇంకా నలుగురున్నారు."