పది నిమిషాల పెద్దరికం

"ఈ మచ్చ పుట్టుకతో ఉందా, మధ్యలో వచ్చిందా? అది తేలకుండా ఫైలు ఇక్కణ్ణుంచి కదలదు" అంది కోడింగ్ అమ్మాయి, కళ్ళజోడు సవరించుకుంటూ.

ఆసుపత్రిలో డాక్టరు రాసిన ప్రతి జబ్బుకీ ఒక కోడ్ వెయ్యడం ఆ అమ్మాయి పని. చిన్నోడి బట్టతల మీద, కుడిచెవికి కాస్త పైన ఉన్న నల్లమచ్చ ఈమధ్య పెరుగుతోందని మర్నాడు కోసి తీసేస్తామన్నారు. కోడ్ పడితేగాని ఫైలు ఆపరేషన్ గదికి వెళ్ళదు. చిన్నోడంటే అరవై రెండేళ్ళవాడు. పక్క కుర్చీలో ఉన్నవాడు పెద్దోడు, కవల సోదరుడు. అచ్చంగా పది నిమిషాలు పెద్ద.

"దీనికింత రాద్ధాంతం ఎందుకమ్మా?" అన్నాడు పెద్దోడు. "పుట్టుమచ్చ అని డాక్టరుగారే అన్నారుగా. పేరులోనే పుట్టుక ఉంది!"

"పేరుతో నాకు పనిలేదు పెదనాన్నగారూ. నలభయ్యో ఏట మొలిచినదాన్ని కూడా జనం పుట్టుమచ్చే అంటారు. పుట్టుకతో ఉన్నదైతే క్యూతో మొదలయ్యే కోడ్, తర్వాత వచ్చినదైతే డీతో మొదలయ్యే కోడ్. ఫైల్లో ఉత్త 'మచ్చ' అనే ఉంది. రాయనిది నేను ఊహించకూడదు." వచ్చిన పది నిమిషాల్లోనే వరసలు కలిపేసిన ఆ అమ్మాయి చిన్నోడి వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబాయిగారూ."

చిన్నోడు నోరు తెరిచాడు.

"వాణ్ణడుగుతావేంటమ్మా, నన్నడుగు. పుట్టుకతోనే. రాసేసుకో" అన్నాడు పెద్దోడు.

"మీరు చూశారా?"

"చూడకేం? వాడికంటే పది నిమిషాలు ముందొచ్చాను. వాడు పుట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను!"

అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసేసి, అతని వంక తేరిపార చూసింది.

చిన్నోడు తెరిచిన నోరు మూసుకున్నాడు. అతనికది అలవాటే. ఒళ్ళో సంచీ ఉంది. అందులో పెద్దోడి గొడుగు, పెద్దోడి మంచినీళ్ళ సీసా, పెద్దోడి పేపరు. జబ్బు మాత్రం తనది. ఆదివారం అందరూ కొత్త ఇంటికి మారుతున్నారు. వీధివైపు పెద్ద కిటికీ ఉన్న గది పెద్దోడికట, నీళ్ళ మోటారు పక్కనున్న గది చిన్నోడికట. "పెద్దవాణ్ణి కాబట్టి" అని నిన్ననే తేల్చిపారేశాడు. ఆ కిటికీ పక్కన కుర్చీ వేసుకుని వీధిలో పోయేవాళ్ళని చూస్తూ కూర్చోవాలని చిన్నోడికి ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ పది నిమిషాలు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

"మీ అమ్మగారున్నారా?" అంది అమ్మాయి.

"ఉంది, ఇంట్లో. ఎనభై అయిదేళ్ళు. చెవులే కాస్త మొండికేస్తాయి గానీ, జ్ఞాపకం మాత్రం గట్టిది" అన్నాడు చిన్నోడు, దొరికిన సందులో.

"అయితే ఆవిణ్ణే అడుగుదాం. తల్లి చెబితే చాలని డాక్టరుగారు చీటీ రాసిచ్చారు."

పెద్దోడు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, బల్లమీద ఉంచాడు. "అమ్మా! పెద్దోణ్ణి! ఆసుపత్రి నుంచి!"

"ఆసుపత్రా? నీకేమైందిరా నాయనా!"

"నాకేం కాలేదే! ఈ అమ్మాయి ఏదో అడుగుతుంది, చెప్పు!"

అమ్మాయి ఫోన్ మీదకి వంగి గొంతు పెంచింది. "బామ్మగారూ! మీ అబ్బాయి తలమీద, కుడిచెవి పైన, నల్లమచ్చ ఉంది కదా! పుట్టినప్పుడే ఉందా, తర్వాత వచ్చిందా?"

"ఓ, అదా! పుట్టినప్పటిదే తల్లీ. చింతగింజంత ఉండేది. ఇద్దరికీ తలమీద ఒక్క వెంట్రుక లేదేమో, అల్లంత దూరం నుంచే కనబడేది."

"చూశావా!" పెద్దోడు బల్ల చరిచాడు. "నేను చెప్పలా? నా మాట ఎప్పుడైనా తప్పిందా? కొట్టమ్మా క్యూ!"

అమ్మాయి కోడ్ కొట్టి, ఎంటర్ నొక్కింది. ఫైలు పైకి వెళ్ళిపోయింది. ఫోన్‌లో మాత్రం అమ్మ ఇంకా ఆగలేదు.

"ఆ మచ్చే లేకపోతే ఎవడు ముందు పుట్టాడో, ఎవడు వెనక పుట్టాడో నాకు మాత్రం ఎలా తెలిసేది? మచ్చ ఉన్నవాడు పెద్దోడు, లేనివాడు చిన్నోడు. జుట్టొచ్చి మచ్చ కప్పేశాక ఒకడికి ఎర్రచొక్కా, ఒకడికి పచ్చచొక్కా కుట్టించాను. మీ నాన్న ఇద్దరికీ నీళ్ళు పోసి ఆ చొక్కాలు తొడిగిన రోజు మాత్రం, ఎవడిది ఎవడికి తొడిగాడోనని నాకు కాస్త అనుమానమొచ్చింది. అవునుగానీ పెద్దోడా, ఇన్నేళ్ళకి నీ మచ్చ గొడవ ఎందుకొచ్చిందిరా?"

అమ్మాయి లేచి ఒక బట్టతల చూసింది, రెండో బట్టతల చూసింది. పెద్దోడి బుర్ర మీద భూతద్దం పెట్టి వెతికినా చుక్క లేదు.

పెద్దోడు గబుక్కున ఫోన్ కట్టేశాడు. "అమ్మకి మతిమరుపు! మధ్యలో వచ్చిందని రాయి! డీ కొట్టు, డీ!"

"ఎంటర్ నొక్కేశానండీ. తల్లి చెప్పారు, మీరూ సాక్ష్యం చెప్పారు. పుట్టినప్పుడు మీరక్కడే ఉన్నారు కదా బాబాయిగారూ!"

బాబాయిగారూ అన్న పిలుపు తనకేనని తెలుసుకోవడానికి పెద్దోడికి కొంచెం టైము పట్టింది. "అయితే ఆ మచ్చ ఇప్పుడే కోయించండి! రేపటిదాకా ఎందుకు!" అని అరిచాడు.

చిన్నోడు తాపీగా లేచి, ఒళ్ళోంచి జారబోయిన సంచీ తీసి అతని ఒళ్ళో పెట్టాడు.

"పద తమ్ముడూ, దారిలో ఆ కిటికీకి మంచి కర్టెన్ చూద్దాం" అన్నాడు.