రెండు కాళ్ల పుల్లర్

"అల్లుడుగారూ, ఆ చక్రం ఊడలాగడానికి రెండు కాళ్ల పుల్లర్ చాలదు. మూడు కాళ్లది తెచ్చుకోండి. ఏది తగిలించినా సరే, దానికెదురుగా మొహం పెట్టి మాత్రం కూర్చోకండి."

మేడమెట్ల కింది ఇరుకు గదిలో జనరేటర్‌కూ గోడకూ నడుమ అప్పటికే దూరి కూర్చున్న అల్లుడు తల తిప్పలేదు. ఊళ్లోని చేతిగడియారాలన్నిటికీ వైద్యుడతడు. ఆవగింజంత మరలను పట్టి ఆడించే వేళ్లకు ఇంత లావు ఇంజనొక లెక్కా?

"చుట్టపుచూపుగా వచ్చారు, చుట్టంలా ఉండండి మామయ్యగారూ. మీ సలహాలు మీ పెట్టెలో దాచుకోండి."

బతుకంతా ఇంజన్ల షెడ్డులో గడిపిన మామగారికి నూనె మరకలు పోయినా రోషం పోలేదు. సలహాలతోపాటు బట్టలు కూడా పెట్టెలో సర్దుకోవడానికి విసవిసా లోపలికి వెళ్లిపోయారు.

అల్లుడు పుల్లర్ కాళ్లు రెండూ చక్రం వెనుక అంచుకు తగిలించాడు. నడిమి మరను ఇరుసు కొసకు ఆనించి, స్పానర్‌తో బిగించసాగాడు. మర ఇరుసును నెడుతుంటే కాళ్లు చక్రాన్ని లాగాలి. చక్రం చలించలేదు. ఇంకా బిగించాడు. కణతల్లో నరాలు పొంగాయి. ఇంకొక్క చుట్టు...

ఠప్పుమని చెవులు చిల్లులుపడేంత చప్పుడైంది. చేతిలోని స్పానర్ జారి ఇంజను కిందికి పోయింది. పుల్లర్ కాలొకటి పక్కకు ఒరిగింది.

గడియారం విప్పినప్పుడు టప్పుమంటే స్ప్రింగు పట్టు తప్పినట్టే. తక్షణం వేలితో అదిమి పట్టకపోతే కంట్లో గుచ్చుకుంటుంది. ఇన్నేళ్ల అభ్యాసం ఆలోచన కంటే ముందే పనిచేసింది. ఒరిగిన కాలిని అతడు అరచేత్తో అదిమి పట్టేశాడు.

పట్టిన తరువాతగాని తన స్థితి తెలిసిరాలేదు. చెయ్యి వదిలితే ఆ ఇనుపకాలు ఎగిరివచ్చి మొహం పగలగొడుతుంది. మొహం తప్పిద్దామంటే వెనుక గోడ. లేద్దామంటే మోకాళ్లు ఇంజనుకూ గోడకూ మధ్య బిగుసుకున్నాయి. అడకత్తెరలో పోకచెక్క నయం, దానికి చూసే కళ్లుండవు. అదిమేకొద్దీ ఇనుము ఎదురు తన్నుతున్నట్టే తోచింది. వేళ్లు తిమ్మిరెక్కసాగాయి. ఆ వేళ్లే పోతే ఆ ఇంట పొయ్యి వెలగదు.

పిలుద్దామంటే అభిమానం అడ్డొచ్చింది. చెమట కంట్లోకి దిగింది. తుడుచుకునే వీల్లేదు. చివరికి అభిమానమే ఓడిపోయింది.

"ఏమే! ఒకసారి ఇలా రా!"

భార్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి చూసింది. చక్రం వంకా, పుల్లర్ వంకా, మొగుడి మొహం వంకా నిదానంగా చూసింది.

"ఏమిటండీ, దాన్నలా వాటేసుకున్నారు?"

"పరాచికాలాడకు! పట్టు జారింది. వదిలానంటే నా మొహం నాకు దక్కదు. మీ నాన్నగారిని పిలువు."

"నాన్న చెప్పులేసుకుంటున్నారు. బండికి వేళయిందట."

"ఆపవే తల్లీ!"

"ఏమని ఆపను? ఇందాక తమరు సెలవిచ్చిన మాటకి మనిషన్నవాడు ఆగుతాడా?"

"తప్పయిందని చెప్పు. ఉండిపొమ్మని చెప్పు."

"ఎక్కడుంటారు? పై గది నిండా మీ పాత గోడగడియారాలేగా! అది ఖాళీ చెయ్యమంటే మీకు ప్రాణాలు పోతాయిగా!"

"ఇప్పుడు పోయేలా ఉన్నాయి! తీసేస్తాను."

"ఎప్పుడు?"

"ఇవాళే!"

"రేపు నాలిక మడతేస్తే?"

"పైనున్న పరమాత్మ సాక్షి! నా వేళ్లమీద ఒట్టు! వెళ్లవే, చెయ్యి చచ్చుబడిపోతోంది!"

ఆమె తొందరపడకుండా వెళ్లింది. అతనికి ఆ కాసేపూ ఒక కల్పంలా గడిచింది. మెట్ల కింద ఎక్కడో ఒక సాలెపురుగు తన గూటిలో హాయిగా కూర్చుని ఉంటే దానిమీద కూడా అసూయ కలిగింది.

మామగారు పెట్టె చేతబట్టుకునే వచ్చారు. గుమ్మం బయటే నిలబడ్డారు.

"పిలిచారట?"

"మామయ్యగారూ, నోరు జారాను. మీరెక్కడికీ వెళ్లొద్దు. పై గది మీదే."

"ఎన్నాళ్లు?"

"మీకు విసుగు పుట్టేదాకా."

"నా సలహాలో?"

"రోజూ చెప్పండి. పూటకొకటి చెప్పండి. ముందు నన్ను బయటపడేయండి!"

ముసలాయన పెట్టె దించి, కళ్లద్దాలు పెట్టుకుని లోపలికి వంగారు. చక్రం వంకా, దాన్ని అదిమిన చేతి వంకా చూశారు.

"చెయ్యి తీయండి."

"తీస్తే తల పగులుతుందండీ!"

"నా పూచీ. తీయండి."

అతడు కళ్లు గట్టిగా మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, చెయ్యి తీశాడు.

ఏమీ ఎగరలేదు. ఏమీ పగల్లేదు. పుల్లర్ నిద్దట్లో తల వాల్చినట్టు మెల్లగా ఒరిగి, మామగారి చేతిలో వాలింది. ఆయన చిటికెనవేలితో చక్రాన్ని తాకారు. అది ఇరుసుమీద లొటలొటా ఊగింది.

"ఇదెప్పుడో ఊడొచ్చింది కదండీ అల్లుడుగారూ! పట్టు వదిలేటప్పుడు ఫిరంగిలా మోగుతుందిది. మీకు వినపడలేదూ?"

"నాకు వంటింట్లోకి వినపడింది నాన్నా," అంది కూతురు, ఆయన పెట్టె అందుకుని మేడమెట్లెక్కుతూ.