మొహమాటం మీద పేపర్లు

"సాయంత్రంలోగా మొహమాటం మీద రిసెర్చ్ పేపర్లు కావాలి బాబాయ్. లేకపోతే నా కొంప మునిగినట్టే!"

యూనివర్సిటీ లైబ్రరీ కౌంటర్ ముందు నిలబడి ఆ అమ్మాయి దాదాపు ఏడుస్తోంది. సైకాలజీలో పరిశోధన చేస్తోంది. ఎంచుకున్న అంశం మొహమాటం. ఇంతవరకూ ఎవరూ దాని జోలికే పోలేదంటే అది అంశమే కాదని, మర్యాదగా కోపం మీద పరిశోధన చేసుకోమని ఆమె గైడ్ తేల్చి చెప్పేశాడట.

కౌంటర్ వెనక కూర్చున్న బాబాయ్‌కి ఆ పిల్ల మొహం చూసి ప్రాణం ఉసూరుమంది. విద్యార్థులంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. లైబ్రేరియన్‌కి కూడా ఆయన పేరు తెలియదు. ఇన్నాళ్లయ్యాక అడిగితే ఏం బాగుంటుందని, "ఇదిగో, మిమ్మల్నే" అంటూ నెట్టుకొస్తున్నాడు. కంప్యూటర్ పాస్‌వర్డ్ మాత్రం ఆయనకే అప్పజెప్పేశాడు.

"కూర్చోమ్మా, వెతుకుదాం" అన్నాడు బాబాయ్.

జర్నల్స్ డేటాబేస్ తెరిచి 'మొహమాటం' అని కొట్టాడు. 'మొహం మీద మచ్చలు' కోసం వెతుకుతున్నారా అని అడిగింది కంప్యూటర్. 'సిగ్గు' అని కొడితే కోళ్ల మీద ఒక పేపర్ ఊడిపడింది.

"కోళ్లకి మొహమాటం ఉంటుందా బాబాయ్?"

"గింజలేస్తుంటే చాలు చాలు అన్న కోడిని నేనైతే చూళ్లేదు తల్లీ."

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. భార్య.

"మా తమ్ముడి పెళ్లి నెత్తిమీదికొచ్చింది. సెలవు అడిగారా లేదా?"

"ఎవర్నడగనే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవర్నేమిటి? మీకు నోరు లేదూ?"

"ఎదురుగా పాపం ఒకమ్మాయి కూర్చుని ఉంది. తర్వాత మాట్లాడతా."

ఫోన్ పెట్టేసి ఈసారి 'కాదనలేకపోవడం' అని కొట్టాడు. అమ్మాయి కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. పేపర్ దొరికింది! కానీ తెర మీద ఉన్నది సారాంశం మాత్రమే. మొత్తం కావాలంటే రాసినవాళ్లనే అడగాలి. కింద ఒక ప్రొఫెసర్ నంబరుంది. బాబాయ్ వెంటనే కలిపి, స్పీకర్ పెట్టాడు.

"ఆ పేపరా? నేను రాయలేదండీ" అన్నాడు అవతలి పెద్దాయన. "నా స్నేహితుడు రాశాడు. పక్కన నా పేరు కూడా వేస్తానన్నాడు. వద్దనడానికి నోరు రాలేదు."

"పోనీ, ఆయన దగ్గరుంటుందా?"

"లేదండీ. ఎవరో చదివి ఇచ్చేస్తామని పట్టుకెళ్లారట. తిరిగివ్వమని అడగలేక ఊరుకున్నాడు."

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి బాబాయ్ ఫోన్ పెట్టెయ్యలేదు.

"మీ దగ్గర కాపీ ఏమన్నా..."

"ఉందనుకోండి. అటక మీద. మోకాళ్ల నొప్పులు. డాక్టరు నిచ్చెనెక్కొద్దన్నాడు..." పెద్దాయన పెద్దగా నిట్టూర్చాడు. "సరే లెండి, ఎక్కుతాను."

లైబ్రరీ మూసేలోపే పేపర్ ఈమెయిల్‌లో వచ్చింది, ఫొటోల్లో సాలెగూళ్లతో సహా. చివర్లో అలాంటివే ఇంకా బోలెడు పేపర్ల పేర్లు! అమ్మాయి అక్కడికక్కడే గైడ్‌కి పంపింది. కాసేపటికి ఆయన్నుంచి 'కానివ్వు' అని ఒక్క ముక్క జవాబొచ్చింది.

"బాబాయ్! థీసిస్ మొదటి పేజీలో మీ గురించే రాస్తాను. మిమ్మల్ని చూస్తే ఈ కుర్చీలోనే పుట్టినట్టుంటారు. ఎప్పుడు చేరారిక్కడ?"

"పోయిన వానాకాలం తల్లీ" అన్నాడు బాబాయ్, అమ్మాయి వంక చూడకుండా.

ఆ రోజు ఇంకెక్కడో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తూ, వాన జోరెక్కితే ఈ లైబ్రరీలోకి దూరి, ఖాళీగా కనిపించిన కుర్చీలో కూలబడి తల తుడుచుకుంటుంటే, ఎవరో ఒకావిడ వచ్చి "సార్, సైకాలజీ పుస్తకాలెక్కడుంటాయి?" అని అంత గౌరవంగా అడిగాక, నేనిక్కడ పనిచేయనండీ అంటే పాపం ఆవిడ నొచ్చుకుంటుందేమో అనిపించింది.