మగోళ్ల మందు

"వస్తావా, బజార్లో నిలబడి చెప్పమంటావా?"

జానీబీ జమ్మలమడుగు బస్సు దిగి, నేరుగా ప్రొద్దుటూరులోని గౌస్ మొహిద్దీన్ గుడ్డల అంగడికే వచ్చింది. చీరలు చూస్తున్న బేరగాళ్లు తలలెత్తారు. గౌస్ మొహం ఎర్రబడింది.

"ఏంది నీ గోల? ఆడదానివి ఇంట్లో ఉండక!"

"పులివెందుల్లో పిల్లను చూసొచ్చినావంట. గొడ్రాలని ఆడదాన్ని తోసేసి ఇంకో నికా చేసుకుంటాండావంట."

"చేసుకుంటా. నాకు బిడ్డలు కావాల."

"ముందు నువ్వు డాక్టరుకు చూపించుకో."

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మద్రాసులో చదివొచ్చిన డాక్టరొకాయన, ప్రొద్దుటూరు ఆస్పత్రిలో పిల్లలు లేని మగవాళ్ల మీద కొత్త మందును పరీక్షిస్తున్నాడు. గోధుమల నుంచి తీసిన నూనె, చిన్న చిన్న గోలీల్లో. చాటింపు వేయించినా ఒక్క మగవాడూ ఆ గడప తొక్కలేదు.

"మగోడికి పరీక్షేంది?" గౌస్ గజంబద్ద ఎత్తాడు.

జానీబీ కదల్లేదు. బురఖా ముసుగు పైకి తీసింది.

"కొట్టు. ఎందుకు కొట్టినాడని నలుగురూ అడుగుతారు. అప్పుడు చెప్తా."

గజంబద్ద కిందికి దిగింది.

ఆస్పత్రిలో డాక్టరు మైక్రోస్కోపు మీంచి తలెత్తి, మెల్లగా చెప్పాడు.

"లోపం మీలోనే ఉంది."

"అబద్ధం!" గౌస్ బల్ల గుద్దాడు. "ఇద్దరూ కూడబలుక్కున్యారు!"

జానీబీ అతని వంక చూడనైనా లేదు. "ఈ గోలీలు పనిచేస్తాయా సారూ?"

"తెలీదమ్మా. అది తెలుసుకోవడానికే ఈ పరీక్ష. ఆర్నెల్లు మింగితే గానీ చెప్పలేను."

"పనిచేయకపోతే పోనీ. తప్పు ఎవరిదో ఈయప్ప తన చెవులతో వినాల. అందుకే ఈడ్చుకొచ్చినా."

గౌస్ ఆమెను కొరికేసేలా చూశాడు. విసురుగా తలుపు వైపు తిరిగాడు.

డాక్టరు నిట్టూర్చి, సీసాను జానీబీ ముందుకు జరిపాడు.

"ఈయన తనంతట తాను మింగేట్టు లేడు. భార్యవు కదా, నువ్వే దగ్గరుండి మింగించు."

"ఆ పని గుల్జార్‌బీది సారూ, నన్ను గొడ్రాలని తలాకిచ్చినాక చేసుకున్న పెండ్లాం," అని జానీబీ, బయట బెంచీ మీద ఏడుస్తున్న గుల్జార్‌ను లోపలికి పిలిచి సీసా ఆమె చేతిలో పెట్టి, గేటు దగ్గర తన మొగుడు ఆడిస్తున్న ఇద్దరు బిడ్డల వైపు నడిచింది.