గాలి తీసిందెవరు?

“మూడు రోజుల్లో మూడుసార్లు. ట్యూబుకి చిల్లు మాత్రం లేదు. అంటే గాలి దానంతటది పోలేదు. మనలోనే ఎవరో తీశారు!” అన్నాడు ఫొటోగ్రాఫరు, నీళ్లు కారుతున్న ట్యూబును అందరి ముందూ ఆడిస్తూ.

ఆ ట్యూబు డ్రిల్లు మాస్టారి సైకిలుది. పల్లెలూ పొలాలూ దాటుకుంటూ ఆరు రోజుల్లో సముద్రం చేరాలన్న పట్టుదల ఆయనదే. నలుగురిలో ముందు తొక్కేదీ ఆయనే. ఇప్పుడు మాత్రం, రాత్రి బస చేసిన బడి మెట్ల మీద అటు తిరిగి కూర్చుని, ఎదురుగా కొండెక్కే రోడ్డు వైపు చూస్తున్నాడు. ఒక్క మాటా మాట్లాడటం లేదు. ఆయన అరిచినా బాగుండేదనిపించింది టైలరుకి.

ఎందుకంటే నిన్నటి గాలి తీసింది టైలరే.

ఏళ్ల తరబడి కుట్టుమిషను తొక్కిన కాళ్లే అయినా, నిన్న మధ్యాహ్నానికి అతని మోకాళ్లు ససేమిరా అన్నాయి. కాసేపు ఆగుదామంటే మాస్టారు వినే రకం కాదు. “ఇంకో పది కిలోమీటర్లు, అంతే” అంటాడు. ఆ పది ఏనాడూ పదితో ఆగలేదు. అందుకే అందరూ కాలువలో మొహాలు కడుక్కుంటుంటే, టైలరు మెల్లగా వెళ్లి వాల్వు వదులు చేశాడు. ట్యూబు విప్పడం, నీళ్లలో ముంచడం, లేని చిల్లు వెతకడం, మళ్లీ ఎక్కించడం... ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా గట్టు మీద కాళ్లు చాపుకుని పడుకుంటే పోయిన ప్రాణం లేచొచ్చింది.

కానీ మొన్నటిది అతను కాదు. ఇవాళ్టిదీ కాదు. మరెవరు?

నర్సు అయ్యుంటుందా? ఛ, మాస్టారి సొంత చెల్లెలు. మరి ఈ ఫొటోగ్రాఫరు? అందరికంటే గట్టిగా అరుస్తున్నది ఇతనే కదా!

“ఎవరూ నోరు విప్పరన్నమాట. సరే, ఆగిన ప్రతిచోటా ఫొటోలు తీశాను. కెమెరా అబద్ధం చెప్పదు.” ఫొటోగ్రాఫరు మెడలోని కెమెరా అందుకుని ఒక్కొక్కటే వెనక్కి జరపసాగాడు. “ఇదిగో, నిన్న కాలువ దగ్గర. మాస్టారి సైకిలు పక్కన ఎవరో వంగి ఉన్నారు. మొహం కనపడటం లేదు గానీ, నీలం చొక్కా...”

“పెద్దది చేసి చూడక్కర్లేదు. నేనే,” అన్నాడు టైలరు.

“నువ్వా! ఇన్నాళ్ల నుంచి కలిసి తిరుగుతున్నాం. నా వల్ల కావట్లేదని ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదూ? మూడుసార్లూ ఇంత నాటకమా!”

“మూడుసార్లు కాదు! నిన్నటిదొక్కటే!”

“ఒకసారి తీసినవాడు మిగతా రెండూ తియ్యలేదంటే ఎవడు నమ్ముతాడు?”

టైలరు దిక్కుతోచక నర్సు వైపు చూశాడు. ఆమె హెల్మెట్ పట్టీని చేతిలో మెలిపెడుతోంది.

“మొన్నటిది నేను,” అంది.

“నువ్వా, చెల్లెమ్మా?” అన్నాడు టైలరు.

“మొన్న ఎండలో మీ పెదాలు పాలిపోయాయి. మా అన్నయ్యతో చెబితే ఇంకో పది కిలోమీటర్లంటాడు. ఆ క్షణాన నాకింకేం తోచలేదు.”

టైలరుకి సిగ్గేసింది. ఈ అమ్మాయినేనా తను అనుమానించింది! మాస్టారు ఇప్పటికైనా విరుచుకుపడతాడనుకున్నాడు. ఆయన తల ఇంకాస్త వంచుకున్నాడంతే.

ఇంతలో నర్సు ఫొటోగ్రాఫరు వైపు తిరిగింది. “మరి ఇవాళ్టిది?”

“నన్ను చూస్తారేం?”

“అందరికంటే ముందు లేచింది నువ్వేగా!” అన్నాడు టైలరు.

“సూర్యోదయం తియ్యడానికి లేచాను!”

“ఏదీ, చూపించు.”

ఫొటోగ్రాఫరు తడబడ్డాడు. “మబ్బు పట్టింది... ఒక్కటీ తియ్యలేదు. వాకిలి దాకా వెళ్లి వెనక్కొచ్చి పడుకున్నాను.”

“అబద్ధం చెప్పని కెమెరా ఇవాళ అసలు నోరే విప్పలేదన్నమాట,” అంది నర్సు.

ఫొటోగ్రాఫరు మొహంలో రంగు మారింది. “నా కూతురి మీద ఒట్టు. నేను కాదు.”

నమ్ముతున్నామని ఎవరూ అనలేదు. అతను ఒక్కొక్కరి మొహమూ చూశాడు. తర్వాత కెమెరా సంచిలో పెట్టి, సంచిని క్యారేజీకి కట్టి, సైకిలును వచ్చిన దారి వైపు తిప్పాడు.

“నన్ను దొంగను చేశాక మీతో కలిసి ఎలా తొక్కను? మీరు వెళ్లి సముద్రం చూసి రండి.”

ఆపాలని టైలరుకి ఉంది. కానీ, ఒట్టు పెట్టాక కూడా మనసులో ఓ మూల అనుమానం అలాగే ఉంది మరి. నర్సు కూడా తల పక్కకి తిప్పుకుంది. సైకిలు బడి గేటు దాటబోయింది.

అప్పుడు లేచాడు మాస్టారు. గబగబా వెళ్లి ఫొటోగ్రాఫరు సైకిలు క్యారేజీని రెండు చేతులతో పట్టేసుకున్నాడు. ఎవరి కళ్లలోకీ చూడకుండా, ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు:

“ఆగరా... పొద్దున ఆ కొండ చూడగానే నా కాళ్లు చచ్చుబడిపోయాయి, ఇవాళ్టి గాలి తీసింది నేనే.”