దేవమ్మ రాజ్యం

"చంపాల్సిన కాయను వదిలిపెట్టి, పక్క కాయ ఎందుకు జరిపినవు దేవమ్మా?"

అరుణాదేవి గొంతు హఠాత్తుగా పెరిగింది. పచ్చీసు గుడ్డ మీద గవ్వలు ఇంకా వెల్లకిలా నవ్వుతూనే ఉన్నాయి.

"కండ్లకు ఆనలే దొర్సానీ," అంది దేవమ్మ. అంట్లు తోమిన చేతుల తడి ఆరకముందే పిలుపందుకుని వచ్చి కూర్చున్న మనిషి ఆమె.

"నిన్న ఆనలే, మొన్న ఆనలే! నెల దినాల సంది నేనే గెలుస్తున్న. నువ్వు గూడ గంతే అష్రఫున్నీసా!"

గాజులమ్మడానికి వచ్చి ఆటలో చిక్కుకున్న అష్రఫున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనేం జెయ్యాలె దొర్సానీ? నా గవ్వలకు గూడ మీరంటే భయమే."

అరుణాదేవికి నవ్వు రాలేదు. తాండూరులో ఆ పెద్దింటి మధ్యాహ్నాలు పొడుగాటివి. అంత పొడుగు మధ్యాహ్నంలో ఒక్కరు, ఒక్కసారి, తనతో మనసులోని మాట ఒక్కటి పలికితే చాలునని ఆమె ఆశ. గుడ్డ మడిచి, వికారాబాదు నుంచి సెలవులకు వచ్చిన మేనకోడలి వైపు తిరిగింది.

"మనోరమా, వీళ్ళు కావాలని ఓడిపోయేతందుకు వీలులేని ఆట ఒకటి చెప్పు."

"ఓడుడు, గెలుచుడు లేని ఆటే ఉన్నదత్తా. ఒకరు కథ నడిపిస్తరు. తక్కినోళ్ళు గవ్వలేసి తలా ఒక వేషం తీసుకుంటరు. కూసున్న కాడనే ఆ మనిషయిపోయి మాట్లాడాలె. ఏం మాట్లాడాల్నో ఎవ్వరు చెప్పరు."

"ఏం కథ?"

"మా కాలేజీల యుద్ధం ఆడుతం."

"యుద్ధమైతే వీళ్ళ కత్తులు గూడ నాకే ఇచ్చి పోతరు. వద్దు."

"దొంగలు, లంకెబిందెలు?"

దేవమ్మ గాబరాగా చేతులడ్డం పెట్టింది. "దొంగల ముచ్చట నాకొద్దు బిడ్డా! రేపు ఒక్క గిన్నె కనవడకుంటె నన్నే అడుగుతరు."

"అయితే సముద్రం మీద పడవ."

"అల్లా! కాగ్నా వాగు దాటేటప్పుడే కండ్లు మూసుకునేదాన్ని, నన్ను సముద్రంల ఏస్తవా?" అంది అష్రఫున్నీసా.

మనోరమ కాసేపు ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "దర్బారు ఆడుదాం. ఒక రాణి, ఒక మంత్రి, ఒక దాసి. మీకు తెల్వని లోకమేం కాదు గద!"

ఈ కథ అందరికీ కుదిరింది. పొట్టి రాతిబల్ల మీద గవ్వలు దొర్లాయి. అష్రఫున్నీసా మంత్రి అయింది. దాసి వేషం అరుణాదేవికి పడింది. రాణి వేషం దేవమ్మకు.

దేవమ్మ దిగ్గున లేచింది. "తప్పు పడ్డది! మళ్ళ ఏస్త."

"పడ్డది పడ్డదే," అంటూ అరుణాదేవి ఆమె చేయి పట్టి లాగి, ఎన్నడూ కూర్చోని చాప మీద, తన పక్కనే కూర్చోబెట్టింది.

మనోరమ మెల్లగా కథ ఎత్తుకుంది. ఆ గొంతు వెంట గది కరగసాగింది. గచ్చులోని నీలిబండలు నీళ్ళై పారాయి. కిటికీ పరదా కోటబురుజు మీది జెండా అయి ఊగింది. వీధిలో పోయే ఎడ్లబండి గలగల ఎక్కడో దూరదేశపు సంగీతమైంది.

"రాణీ, నీ కోట ఎట్లున్నది?"

దేవమ్మ కొంగు సర్దుకుంటూ కూర్చుంది.

"జల్ది చెప్పుండ్రి హుజూర్," అంది అష్రఫున్నీసా. "మంత్రికి ముసలితనం వస్తున్నది."

దేవమ్మ ఫక్కున నవ్వింది. నవ్వినాక ఆమె రెప్పలు వాటంతటవే వాలాయి.

"చిన్న కోట," అంది. "ఒక్కటే అర్ర. తలుపుకు లోపటి దిక్కు గడియ."

"లోపల?"

"నులక మంచం. మంచం మీద నేను."

"కావలి ఎవరు?"

"ఎవ్వరు లేరు. పగటియాల్ల నా రాజ్యంల అందరు పండుకుంటరు. కాకులు గూడ అరువయ్. గాలి ఒక్కటే తిరుగుతది, అది గూడ చెప్పులు ఇడిచి."

అరుణాదేవి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళు తన వాకిట్లో తిరిగిన మనిషిలో ఇంత చల్లని దేశం ఉందా! విసనకర్ర అందుకుని, దాసిలా దేవమ్మకు విసరసాగింది. దేవమ్మ వద్దనలేదు. నెరిసిన ముంగురులు ఆ గాలికి కదిలాయి. ముఖం మీది ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

"దొరికింది మనోరమా, మాకు తగ్గ ఆట దొరికింది," అని గుసగుసలాడింది అరుణాదేవి. "రేపు బువ్వ తినంగనే మొదలువెడదాం. రోజూ పొద్దుగూకేదాక ఆడుదాం."

తర్వాత తల వంచి, చేతులు జోడించింది. "మహారాణీ, ఈ దాసికి ఏం ఆజ్ఞ? మనసుల ఏమున్నదో గదే చెప్పు. ఈడ దొరసాని లేదు."

విసనకర్ర ఆగింది. మంత్రి సైతం ముందుకు వంగింది. దేవమ్మ కళ్ళు తెరవకుండానే, మెత్తగా, రాణిలాగే పలికింది:

"రేపటి సంది పగటియాల్ల నన్ను ఆటకు పిలువకు."